పక్కగదిలో పంట

గోడలకి చెవులుంటాయంటారు. ఆ వానాకాలం మా ఇంట్లో నిజంగానే ఉండేవి. తెల్లటివి, మెత్తటివి, చల్లటివి, ఒకదాని నెత్తి మీద ఒకటి గుత్తులు గుత్తులుగా. ముట్టుకుంటే వేలికి జిగురులాంటిదేదో అంటుకునేది. ఆ వేలిని తువ్వాలుకి తుడుచుకుంటే, తువ్వాలుని ఉడకబెట్టాలనిపించేది.

మా ఆయన వాటిని పుట్టగొడుగులు అనేవారు కాదు. "పంట" అనేవారు. పంట నిద్రపోతోంది, పంట లేచింది, పంటకి దాహమేస్తోంది. పెళ్ళైన కొత్తలో నా గురించి కూడా ఇంత శ్రద్ధగా మాట్లాడిన గుర్తు లేదు.

మాకున్నది చిన్న పొలం చెక్క. వరసగా రెండు పంటలు సరిగ్గా కోతకొచ్చాక వానకి తడిసి, కంకి మీదే మొలకలెత్తాయి. అప్పట్నించీ ఆయన గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. పలకరిస్తే "ఊఁ" అనేవారు, అదీ గోడకే. అలాంటి మనిషి ఒకరోజు లేచి, గడ్డం గీసుకుని, వ్యవసాయ ఆఫీసువాళ్ళు పెట్టిన శిక్షణకి వెళ్తానంటే నేనూ మా అత్తగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడ కళ్ళు తడిశాయి. నావి తడవలేదు గానీ, ఉతికిన చొక్కా తీసిచ్చాను.

వెళ్ళిన మనిషి వేరు, తిరిగొచ్చిన మనిషి వేరు. నెత్తిన శిక్షణవాళ్ళిచ్చిన టోపీ. చంకలో సంచీ. చేతులు కడుక్కోకుండానే భోజనానికి కూర్చున్నారు.

"దీనికి పొలం అక్కర్లేదు," అన్నారు. "ఎండ అక్కర్లేదు. ఎరువక్కర్లేదు. దున్నక్కర్లేదు."

"బుర్ర?" అన్నాను.

"ఏంటీ?"

"బుర్ర మీద టోపీ. తీసి తినండి."

అత్తగారు మంచినీళ్ళ చెంబు ఆయన ముందు పెడుతూ భయంభయంగా అడిగింది. "అవి తింటే పోతారంటారు కదరా?"

"అవి అడవివమ్మా. ఇవి చదువుకున్నవి." సంచీలోంచి పొట్లం తీసి పళ్ళెం పక్కనే పెట్టారు. "ఇదీ విత్తనం."

పొట్లంలోకి తొంగి చూశాను. ఉడకబెట్టిన గింజలు, వాటి నిండా తెల్లటి బూజు. బూజు పట్టిన గింజల్ని నేను ఇన్నేళ్ళూ పారబోస్తూ వచ్చాను. ఈయన కొనుక్కొచ్చారు. తినే పళ్ళెం పక్కన పెట్టుకుని ప్రేమగా చూస్తున్నారు. నేను లేచి నా పళ్ళెం వంటింట్లోకి తీసుకుపోయాను.

"దీనివల్ల లాభాలేంటంటే..." అని ఆయన గొంతు వెనకే వచ్చింది. షుగరు పోతుంది, బీపీ పోతుంది, మోకాళ్ళ నొప్పులు పోతాయి, కంటిచూపు పెరుగుతుంది, పిల్లల్లేనివాళ్ళకి పిల్లలు.

"మనకి ఇద్దరున్నారుగా, హాస్టల్లో. ఇంకా ఎందుకూ?" అన్నాను లోపల్నించి.

"ఉన్నవాళ్ళకి బుద్ధి పెరుగుతుంది."

ఆ శిక్షణ ఇచ్చిన ఆఫీసు మాస్టారికి నేను ఆ క్షణమే "లాభాలాయన" అని పేరు పెట్టేశాను. తర్వాత ఆయన్ని చూసినప్పుడు తెలిసింది, పేరు సరిగ్గా అతికిందని.

*

మా ఇంటి వెనకభాగంలో రెండు గదులు. ఒకటి గింజలు పోసుకునే కొట్టుగది. ఇంకోటి మా అత్తగారిది. రెండింటి మధ్యా గోడ ఉంది గానీ, అది పైకప్పు దాకా వెళ్ళదు. గింజలకి గాలి ఆడాలని మా మామగారు అలా కట్టించారట. గింజలు లేవు కాబట్టి కొట్టుగది ఖాళీగానే ఉంది. పంట అందులోకి దిగింది.

ముందు గడ్డి. దాన్ని చిన్న ముక్కలుగా నరికి, నానబెట్టి, మేం స్నానాలకి నీళ్ళు కాచుకునే పెద్ద కాగులో ఉడకబెట్టారు. ఆ వాసన ఎలా చెప్పను? చెమట పట్టిన మేజోళ్ళని పెట్టెలో పెట్టి, దాని మీద ఆవుని కూర్చోబెడితే వచ్చే వాసన. ఆ తర్వాత నెలంతా అదే కాగులో కాచిన నీళ్ళతో స్నానం చేసి, చేశాక కూడా చెయ్యనట్టే తిరిగాను.

ఎదురింటి టైలరమ్మ కుట్టుమిషను ఆపి మరీ వచ్చింది ముక్కు మూసుకుని. "వదినా, ఏం వండుతున్నారు?"

"మీ అన్నయ్య భవిష్యత్తు," అన్నాను.

"మాడిపోయినట్టుందే?"

"లేదు, ఇది పచ్చి వాసన."

ఉడికిన గడ్డిని పిండి, ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో ఒక వరస గడ్డి, ఒక వరస బూజు గింజలు కూరి, మూతి కట్టి, దూలాలకి తాళ్ళతో వేలాడదీశారు. కిటికీకి తడి గోనెపట్టాలు కొట్టి మూసేశారు. లోపల చీకటి, చెమ్మ. కొద్దిరోజులకి సంచులన్నీ లోపల్నించి తెల్లబడ్డాయి. కొన్ని పచ్చబడ్డాయి. పచ్చబడ్డవి పాడైనట్టట. వాటిని తీసి పెరట్లో పారేసే పని నాది. కిందినించి గోధుమరంగు రసం కారేది. అందులో సన్నటి తెల్లపురుగులు, వాటి మీద గుంపుగా దోమల్లాంటి ఈగలు. ఊపిరి బిగబట్టి పరుగెత్తేదాన్ని. డిగ్రీలో నేను చదివింది చరిత్ర. రాజులు ఎలా పోయారో చదివాను గానీ, గడ్డి ఎలా పోతుందో ఎవరూ చెప్పలేదు.

తర్వాత చెవులు మొలిచాయి.

నిజం చెప్పాలి, మొదటిరోజు బాగానే ఉన్నాయి. చిన్నచిన్నవి, ముడుచుకుని, ముత్యాల్లా. "కోసెయ్యండి, బాగున్నాయి," అన్నాను.

"ఇప్పుడా?" ఆయన నన్ను పసిపిల్లని చూసినట్టు చూశారు. "పాలగింజని ఎవరైనా కోస్తారా? ముదరనీ. పంటంటే ముదరాలి. తూకం రావాలి."

పుట్టినప్పట్నించీ గింజలు పండించిన మనిషి. ఆకుపచ్చగా ఉన్నదాన్ని కొయ్యకూడదు, బంగారు రంగు తిరిగి, కంకి వంగి, గింజని పంటికింద వేస్తే టక్కుమనాలి, అప్పుడే కొడవలి పట్టాలి. వాళ్ళ నాన్న నేర్పిన చదువు అది. టోపీ కొత్తదే గానీ కింద తల పాతదే. అందుకని ముదరనిచ్చారు. చెవులు విచ్చుకున్నాయి, పళ్ళేలంత అయ్యాయి, అంచులు పైకి లేచి చిరుగులు పట్టాయి. సంత వ్యాపారి పెదవి విరుస్తూనే తీసుకున్నాడు. తూకం మాత్రం వచ్చింది. ఆయన ఈల వేసుకుంటూ వచ్చారు.

ఈల. ఏడాది తర్వాత ఆ ఇంట్లో ఈల. అత్తగారు తలుపు దగ్గర నిలబడి, ఆ ఈలనే చూస్తోంది, కంటికి కనపడే వస్తువన్నట్టు.

*

అప్పుడే పొడి మొదలైంది. సన్నటి తెల్లపొడి, ముగ్గుపిండి కన్నా మెత్తగా. కొట్టుగదిలో నేల మీద, సంచుల మీద. ఆ పైన గోడ దాటి అత్తగారి గదిలో మంచం మీద, దువ్వెన మీద, మంచినీళ్ళ గ్లాసు మూత మీద. పొద్దున ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని "ఏమిటే, ఇవాళ ఇంత మంచు పట్టిందీ?" అనేది. నేను జోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టేదాన్ని. మంచు విడిపోయేది.

"అది పంట పొడి. పుప్పొడి లాంటిదే," అన్నారు మా ఆయన. "పువ్వు లేకుండా పంట ఉంటుందా?"

దగ్గు కూడా అప్పుడే మొదలైంది. మొదట గొంతులో గింజ పడ్డట్టు చిన్న దగ్గు. తర్వాత అది కిందికి దిగింది. ఒకసారి పట్టుకుంటే వదిలేది కాదు. మంచం పట్టీ పట్టుకుని, ముందుకు వంగి, మొహం ఎర్రబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. సాయంత్రానికి సన్నగా జ్వరం. మెట్లెక్కి ఇంట్లోకొస్తే గుమ్మంలో ఆగి గాలి పీల్చుకునేది.

దానికి మా ఆయన మందు తెచ్చారు. ఏమిటనుకున్నారు? పుట్టగొడుగుల సూపు.

"దీనివల్ల లాభాలేంటంటే, ఛాతీలో ఉన్నదంతా కరిగించేస్తుందమ్మా." అమ్ముడుపోని, అంచులు చిరిగిన, ముదిరిపోయిన వాటిని ఉడకబెట్టమన్నారు. ఉడికితే బూడిదరంగు నీళ్ళలో రబ్బరు ముక్కలు తేలాయి. గిన్నె మీద నురగ. అత్తగారు కళ్ళు మూసుకుని తాగేది. కొడుకు ఎదురుగా కూర్చుని చూసేవారు, తాగుతుండగానే జబ్బు తగ్గడం కనపడుతుందేమోనని.

"ఎలా ఉందమ్మా?"

"హాయిగా ఉంది నాయనా," అనేది ఆవిడ. ఆయన అటు వెళ్ళగానే మిగిలింది నా చేతికిచ్చేది. "ఆవుకి పొయ్యవే."

ఆవుకి పోశాను. ఆవు వాసన చూసి నాకేసి చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ కొంపలో బుద్ధి పెరిగింది దానికొక్కదానికే.

ఒక మధ్యాహ్నం ఆవిడ వీపు రాస్తూ అడిగేశాను. "అత్తయ్యా, నిజం చెప్పండి. ఆ గదిలో పంట వచ్చాకే కదా ఈ దగ్గు?"

ఆవిడ దిండుని మూతికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఈ మధ్య అలా చేస్తోంది, శబ్దం గోడ దాటకుండా. దగ్గు ఆగాక దిండు తిప్పి పెట్టుకుంది.

"వాడితో అనకే."

"ఎందుకనకూడదు?"

"పోయినేడు వాడు గోడకి తిరిగి పడుకున్నాడు. గుర్తుందా? నేను పొద్దున్నే వెళ్ళి వాడి వీపు చూసేదాన్ని, ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అని. ఇంత పెద్దవాణ్ణి. ఇప్పుడు ఈల వేస్తున్నాడు. నలుగురికీ చెప్తున్నాడు. నా దగ్గుతో వాడి నోరు మూయించనా?"

"మీ ఊపిరి పోయినా ఫర్వాలేదా?"

"పోతే పోనీవే. ఎన్నాళ్ళు పీల్చాను, ఇంకా ఆశేమిటి?"

కాకిపిల్ల కాకికి ముద్దు. కాకి ఎంత దగ్గుతున్నా సరే.

*

లాభాలాయన కొత్తగా చేరిన రైతుల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది వానలు జోరుగా ఉన్న రోజుల్లో. ఆదర్శంగా చూపిస్తారట. బూట్ల నిండా బురదతో డజనుమంది కొట్టుగదిలో ఇరుక్కున్నారు. మా ఆయన టోపీ పెట్టుకుని మధ్యలో నిలబడ్డారు. నేను గుమ్మం దగ్గర, టీ గ్లాసుల పళ్ళెంతో, ముక్కుతో కాకుండా నోటితో ఊపిరి తీసుకుంటూ.

"ఒక ఇల్లు, ఒక గది చాలు," అంటున్నారు మా ఆయన. ఎంత బాగా మాట్లాడుతున్నారో! నాతో మాత్రం ఎప్పుడూ అలా మాట్లాడరు. "ఆడవాళ్ళు ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. ఇక ఆరోగ్యం సంగతంటారా, తింటే ఊపిరితిత్తులు కడిగినట్టు..."

సరిగ్గా అప్పుడు గోడ అవతల దగ్గు మొదలైంది. దిండు అడ్డం పెట్టుకున్న దగ్గే. అయినా వినపడింది. ఆగలేదు. మా ఆయన గొంతు పెంచారు. దగ్గు కూడా పెంచింది.

బూట్ల వాళ్ళలో ఒకామె చెవి రిక్కించింది. "ఎవరండీ ఆ దగ్గేదీ?"

మా ఆయన నోరు తెరిచే లోపల గోడ అవతల్నించే జవాబొచ్చింది. "ఎవరూ కాదమ్మా, మా ఆవు!"

అందరూ గోడకేసి చూశారు.

"మంచి ఆవే," అందామె. "పాలెన్నిస్తుందో గానీ, మాటలు బాగా ఇస్తోంది."

అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతూ గట్టిగా ఊపిరి పీల్చారేమో, నవ్వు కాస్తా దగ్గైంది. లాభాలాయన అందర్నీ తోలుకుని బయటికొచ్చారు. చొక్కా చేతుల మీద తెల్లపొడి దులుపుకుంటూ నా దగ్గర ఆగి, గొంతు తగ్గించారు.

"అమ్మా, ఇవి బాగా ముదిరిపోయాయి. అంచు కిందికి వంగి ఉండగానే కోసెయ్యాలి. గొడుగు విచ్చుకుని పైకి తిరిగిందా, విత్తనం రాల్చేస్తుంది. ఆ పొడి అదే. రోజూ పీలిస్తే ఛాతీ పట్టేస్తుంది. కిటికీ తెరిచి వల కొట్టమనీ, ముక్కుకి గుడ్డ కట్టుకోమనీ శిక్షణలో చెప్పానే?"

"మరి ఇప్పుడు లోపల అందరి ముందూ ఎందుకు చెప్పలేదండీ?"

"కొత్తవాళ్ళు కదమ్మా. బెదిరిపోతారు," అన్నారు. టీ బాగుందని మెచ్చుకుని, గ్లాసు నా పళ్ళెంలో పెట్టారు.

ఆ గదిలో పురుగులు పట్టిన సంచులు ఎత్తాను. రసం కాళ్ళ మీద కారింది. అప్పుడు రాని వాంతి ఆ మాట విన్నప్పుడు వచ్చింది.

వాళ్ళు వెళ్ళగానే మా ఆయన్ని నిలదీశాను. "ముదరకముందే కొయ్యమని చెప్పారటగా?"

"చెప్పాడు."

"కిటికీ తియ్యమని కూడా?"

"చెప్పాడు. చెప్పేవాడికి పొలముందా, పుట్రుందా? కిటికీ తీస్తే చెమ్మ పోతుంది. చెమ్మ పోతే తూకం పోతుంది. నాకు పంట సంగతి ఆయన చెప్పేదేంటి?"

"అత్తయ్య దగ్గు ఆ పొడి వల్లే."

"అమ్మకి ఏటా వానాకాలం దగ్గే."

"ఏటా ఎక్కడుందండీ? మొన్న మీ అక్కగారింట్లో వారం ఉన్నారు. ఒక్కసారైనా దగ్గారేమో ఫోన్ చేసి కనుక్కోండి. ఇక్కడికొచ్చిన మర్నాడే మొదలు."

"అక్కడ గాలి మార్పు," అన్నారు. తనే అన్న ఆ మాట తన చెవికి ఎక్కినట్టు లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఎందుకంటారో నాకు పెళ్ళైన ఇన్నేళ్ళకి అర్థమైంది. నాలుగోకాలు చూపించినా, అది తోకంటారు.

*

డాక్టరమ్మ దగ్గరికి అత్తగారిని నేనే తీసుకెళ్ళాను, మా ఆయన్ని కూడా లాక్కుని. డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. అక్కడా ఇక్కడా జరుపుతూ, మళ్ళీ మొదటి చోటికే వచ్చి.

"ఇంట్లో పిండిమర ఉందా?"

"లేదమ్మా," అంది అత్తగారు.

"పావురాలు?"

"లేవు."

"పాత గడ్డి, దుమ్ము, అలాంటివి?"

"అబ్బే, మా కోడలు అద్దంలా ఉంచుతుందమ్మా ఇల్లు." పెళ్ళైన నాటి నుంచి నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. అదీ అబద్ధం చెప్పడానికి.

మా ఆయన గోడ మీది బొమ్మలు చూస్తున్నారు.

"పుట్టగొడుగులున్నాయండీ," అన్నాను. "ఆవిడ మంచం పక్కగదిలో. ముదిరినవి."

బల్లకింద అత్తగారు నా తొడ మీద గిల్లింది. ఆ దగ్గులో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! డాక్టరమ్మ గొట్టం మెడలో వేసుకుంది.

"అయితే మందులతో ఏం లాభం? వాటిని తీసెయ్యండి. లేదా ఈవిణ్ణి అక్కణ్ణించి తీసెయ్యండి. ఇలాగే ఉంటే ఛాతీ గట్టిపడిపోతుంది, ఇక తిరిగి రాదు."

ఇంటికొచ్చాం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ మా ఆయన తీర్పు చెప్పారు. తేలిగ్గా, చక్కగా, అన్నీ ఆలోచించిన మనిషిలా.

"సరే. ఈ పంట అయ్యేదాకా అమ్మని అక్క దగ్గర ఉంచుదాం."

నేను ఆ మొహం చూశాను. చెడ్డ మొహం కాదు. అదే ఇంకా రోతగా ఉంది. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఆయన అందులో సులువుగా కదిలేదాన్ని ఎంచుకున్నారు, అంతే.

"అలాగే నాయనా," అంటోంది అత్తగారు. ఆవిడ సంచీ కోసం అప్పుడే చుట్టూ చూస్తోంది. అల్లుడి ఇంట్లో నాలుగోరోజుకే తన కంచం తనే కడిగిపెట్టుకుంటుందని నాకు తెలుసు.

"అంత దూరం ఎందుకండీ?" అన్నాను, వీలైనంత మెత్తగా. "అత్తయ్య మన గదిలో, నా పక్కన పడుకుంటారు. మీరు అత్తయ్య మంచం మీద పడుకోండి. అసలు ఇన్నాళ్ళూ పంటకి కాపలా లేకపోవడం నాకేం నచ్చలేదు. ఎలకలు తిరుగుతున్నాయి. పొలంలో పంటున్నప్పుడు మీరు ఇంట్లో పడుకున్నారా ఏనాడైనా? మంచె దిగేవారు కాదుగా."

ఆయన ఛాతీ కొద్దిగా ముందుకొచ్చింది. "అవును. రైతన్నవాడు పంట దగ్గరే పడుకోవాలి."

"మరే," అన్నాను. దుప్పటీ నేనే మార్చాను.

*

మొదటి రోజుల్లో ఆయన పొద్దున్నే లేచి, "రాత్రి పంట పెరిగే శబ్దం వినపడింది తెలుసా," అనేవారు. అప్పుడు సంచులకి రెండోకాపు వచ్చింది, మొదటిదానికంటే ఒత్తుగా. ఆయన దాన్ని ఇంకా బాగా ముదరనిచ్చారు. పొద్దున్నే ఆయన కనుబొమలు తెల్లగా ఉండేవి. ఈగలు తోలుకుంటూ ఊరుకున్నాను.

ఇటు మా గదిలో అత్తగారు వెల్లకిలా పడుకోవడం మొదలుపెట్టింది. చాలా రోజుల తర్వాత. గురక కూడా పెట్టింది. దానికంత సంతోషించిన కోడలు లోకంలో ఇంకెవరూ ఉండరు.

తర్వాత ఆయనకి గొంతులో గింజ పడింది. "ఏదో చల్లగాలి," అన్నారు. ఇంకొన్నాళ్ళకి పొద్దున లేస్తూనే ఒంటినొప్పులు, చలి. ఈల ఆగిపోయింది. ఈలకి ఊపిరి కావాలి కదా. సంచులకి నీళ్ళు చల్లి బయటికొచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడేవారు.

"సూపు చెయ్యనా?" అనేదాన్ని.

"వద్దులే."

"కరిగించేస్తుందిగా?"

"వద్దన్నానా!"

డాక్టరమ్మ దగ్గరికి మాత్రం తనే వెళ్ళొచ్చారు, ఎవరూ లాక్కెళ్ళకుండా. మందుల పొట్లం జేబులో పెట్టుకుని వచ్చారు. ఏం చెప్పిందని అడిగితే, "ఏముంది, మామూలే," అన్నారు. అమ్మ దగ్గు వానాకాలం దగ్గు. తన దగ్గు డాక్టరు దగ్గు. అది చూసి నాకు నవ్వు రావాలి. రాలేదు. ఇంతా చేసి సంచులు మాత్రం దూలానికే ఉన్నాయి.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఆయన భోజనానికి కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను. అన్నం కలుపుతూ దగ్గారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకోబోతే మళ్ళీ వచ్చింది. ముద్ద పళ్ళెంలో వదిలేసి, పక్కకి వంగి, నేల మీద చెయ్యి ఆనించుకుని దగ్గారు. తగ్గేసరికి మా గది తలుపు దగ్గర అత్తగారు నిలబడి ఉంది. చంకలో దిండు. చేతిలో చుట్టిన దుప్పటి.

"ఎక్కడికి?" అన్నాను.

"నా మంచం మీదికే. వాడు చూడవే, ఎలా దగ్గుతున్నాడో. వాడొచ్చి ఇక్కడ పడుకోనీ. నేనే అక్కడ పడుకుంటాలే."

"డాక్టరమ్మ ఏమంది మీకు?"

"నాకు అలవాటే కదే. వాడికి అలవాటు లేదు."

నేను వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. ఆవిడ నన్ను తోసుకు వెళ్దామని భుజం ఆనించింది. చిన్న మనిషి, ఎముకలే. అయినా గట్టిగానే తోసింది.

"తప్పుకోవే."

"తప్పుకోను."

"కొడుకు వాడు నాకు."

"కొడుకే. కాదన్నానా?"

వెనక పళ్ళెం చప్పుడైంది. ఆయన లేచారు. భోజనం సగంలో ఉంది. చెయ్యి కడుక్కున్నారు. మా ఇద్దరి వైపూ చూడలేదు. తల్లి చేతిలోంచి దిండు తీసుకున్నారు, తీసుకెళ్ళి మా మంచం మీద పెట్టి, రెండుసార్లు తట్టి సరిచేశారు. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఆవు దగ్గర నిలబడ్డారు.

పొద్దున నేను లేచేసరికి కొట్టుగది తలుపు బార్లా తీసి ఉంది. కిటికీకి గోనెపట్టాలు లేవు. వాన వెలిసి గాలి ఇటునించి అటు పోతోంది. సంచులు ఒక్కటీ లేవు, దూలాలకి తాళ్ళు మాత్రం ఊగుతున్నాయి. పొలం గట్టున ఆయన ముక్కుకి గుడ్డ కట్టుకుని గొయ్యి తవ్వుతూ కనపడ్డారు. ఆ గుడ్డ ఇన్నాళ్ళూ ఎక్కడుందో!

*

గది కడగడానికి నాకు రెండు పూటలు పట్టింది. గోడలకి సున్నం వేయించాం. గొయ్యి మీద మట్టి కప్పినా, వానలు తగ్గేదాకా అక్కడ ఒకటీ అరా చెవులు పైకి లేస్తూనే ఉన్నాయి. కాలితో తొక్కి వచ్చేదాన్ని. చెప్పు కిందనించి వచ్చే ఆ పిచ్ మనే మెత్తటి చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పంట ఎందుకు తీసేశారని ఎవరైనా అడిగితే మా ఆయన, "సంతలో గిరాకీ లేదు," అనేవారు. గోడవైపు మళ్ళీ తిరుగుతారేమోనని భయపడ్డాను. కొన్ని రోజులు తిరిగారు కూడా. తర్వాత పొలంలో నీళ్ళు పోవడానికి కాలవ తవ్వుకోవాలని పలుగు పట్టుకుని వెళ్ళారు. ఈల మాత్రం లేదు. అది నేను అడగలేదు కూడా.

నాతో ఆయన ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కానీ తల్లి ఎన్నాళ్ళో దిండులోకి దగ్గితే వినపడని మనిషికి, తన ఛాతీ పట్టేసరికి ముక్కుకి గుడ్డ దొరకడం, అది మాత్రం నాలోంచి సున్నంతో పోలేదు. ఆయన పక్కన కూర్చున్నప్పుడు ఒక్కోసారి కొద్దిగా జరుగుతాను. ఎందుకని ఆయన అడగరు.

వానలు వెనక్కి తగ్గి, ఎండ మెట్ల దాకా వచ్చిన రోజు, టైలరమ్మ ఏదో కుట్టిన బట్ట ఇవ్వడానికొచ్చి మా అత్తగారి పక్కన కూర్చుంది. నేను లోపల నీళ్ళు పడుతున్నాను. వాళ్ళకి తెలియదు.

"అదేంటి పిన్నిగారూ, అంత బాగా పండుతుంటే తీసేశారట?"

"ఏం చెప్పమంటావమ్మా, బంగారంలాంటి పంట, నా కొడుకు చేత్తో పెట్టిన పంట, ఊరూరి నించీ జనం వచ్చి చూసిపోయేవాళ్ళు, ఈవిడగారికి వాసన పడలేదమ్మా, ముక్కు మూసుకుని తిరిగేది మహారాణీలా, చదువుకున్న కోడలు కదా మరి, రోజూ వాడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరి పోరి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి నా మీద లేనిపోనివి చెప్పి, చివరికి అన్నం ముందునించి లేపేసింది నా బిడ్డని, వాడు మట్టుకు ఏం చేస్తాడు పాపం, పెళ్ళాం మాట వినని మగాడున్నాడా లోకంలో, నిలువునా పాతిపెట్టించేసిందమ్మా బంగారాన్ని!"

అంతా ఒక్క ఊపిరిలో. మధ్యలో ఆగలేదు. గొంతు ఎక్కడా జీరపోలేదు. దగ్గు రాలేదు, గాలి కోసం వెతుక్కోలేదు. చివరి మాట మొదటి మాట కంటే గట్టిగా వచ్చింది.

బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. కుళాయి కట్టేశాను, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి జరిగి, నా గురించి ఇంకేమంటుందో అని నిలబడ్డాను.